ఉదయగిరికి డీఎన్ఏ వచ్చిన వైనం

ఉదయగిరి మండల ప్రజానీకానికి డీఎన్ఏ పంతొమ్మిది వందల తొంభై ఏడో సంవత్సరంలో వచ్చింది. అంతకు ముందు లేదు. కరెంటు, టెలిఫోను, మంచినీళ్ళ పైపు వచ్చిన వరుసలోనే అదీ వచ్చింది. పైపులో నీళ్ళు ఇంకా రావలసి ఉంది గాని, డీఎన్ఏ మాత్రం వచ్చిన రోజు నుంచీ అందరికీ సమృద్ధిగా అందుతోంది. దాన్ని తెచ్చిన ఘనత ఆత్మకూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పే శాంతికుమార్‌కు దక్కుతుంది.

శాంతికుమార్ దుత్తలూరు పక్క, ఊరికి ఎడంగా ఉన్న ఒక దళితుల పాలెంలో పుట్టి, మిషన్ బడిలో అక్షరాలు దిద్ది, పైకొచ్చిన మనిషి. మాట మెత్తన, నడక మెత్తన. వ్యసనం ఒక్కటే. నెల్లూరు పోయినప్పుడల్లా పాత పుస్తకాల అంగళ్ళలో చతికిలబడి, జన్యువుల గురించి సామాన్యుల కోసం రాసిన పుస్తకాలు ఏరి తెచ్చుకునేవాడు. సామాన్యుల కోసమే అని అట్టమీద స్పష్టంగా రాసి ఉన్నా, జిల్లా పడమటి భాగంలో వాటిని చదివిన సామాన్యుడు ఆయనొక్కడే. చదివింది లోపల దాచుకోలేడు. బస్టాండులో కలువాయి బస్సు కోసం కాచుకున్నవాళ్ళకు, పెళ్ళి భోజనాల్లో రెండో బంతి కోసం నిలబడ్డవాళ్ళకు, చర్చిలో యువజన కూటానికి, ఎవరు దొరికితే వాళ్ళకు చెప్పేవాడు.

“రెండు పోగులు మెలేసిన తాడు చూసినారు గదా, అట్టాంటిదే మన ఒంట్లో కణం కణంలో ఉండాది. దానిమీద రాతంతా నాలుగే అక్షరాలు. మనకు యాభై ఆరుండీ ఒక అర్జీ తప్పుల్లేకుండా రాయలేకపోతున్నాం. సృష్టి ఆ నాలుగింటితోనే ఏనుగునూ రాసింది, దోమనూ రాసింది!”

విన్నవాళ్ళు బాగుందని తల ఊపి బస్సెక్కేవాళ్ళు.

ఆ ఏడాది మొదట్లో ఎక్కడో దొరల సీమలో ఒక గొర్రెపిల్ల తండ్రి లేకుండా, అచ్చం ఇంకో గొర్రె అచ్చుగా పుట్టిందని పేపర్లలో పడింది. ఉదయగిరి చుట్టుపక్కల గొర్రెలున్న కుటుంబాలు ఎక్కువ. పొట్టేళ్ళ భవిష్యత్తు గురించి సహజంగానే ఆందోళన బయలుదేరింది. విషయం తెలిసినవాడు ఆత్మకూరులో ఉన్నాడని విని యువజన సంఘం వాళ్ళు శాంతికుమార్‌ను పిలిపించి ఉపన్యాసం పెట్టించారు. ఉపన్యాసం అమోఘంగా జయప్రదమైంది. ప్రతి ఒక్కరికీ అర్థమైంది. ఎవరికి ఏది కావాలో వాళ్ళకు అదే అర్థమైంది.

ఆ మర్నాటి నుంచి పిల్లలు లెక్కల పరీక్ష తప్పడం మానేశారు. అంటే తప్పుతూనే ఉన్నారు, కానీ అది తప్పుకాదని తేలింది. “వాళ్ళ తాత కూడా లెక్కల్లోనే పోయినాడు సార్, జీన్సులో ఉండాది” అని తండ్రులు హెడ్మాస్టరుకు వినయంగా విన్నవించుకున్నారు. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతే లైన్‌మన్ కిందనే నిలబడి పైకి చూస్తూ, స్తంభం ఎక్కే జీను తనకు లేదనీ, పై అధికారులు గమనించాలనీ చెప్పాడు. పెళ్ళిళ్ళ పేరయ్యలు జాతకంతోపాటు జీను కూడా కుదిరిందని హామీ ఇవ్వసాగారు. కలిగిరి సంతలో డీఎన్ఏ ఉన్న గేదెలకు గిరాకీ పెరిగి, లేని గేదెలను తోలుకొచ్చినవాళ్ళు దిగులుగా వెనక్కి తోలుకుపోయారు. ఒక ఆర్‌ఎంపీ డాక్టరు డీఎన్ఏ తక్కువైనవాళ్ళకు సూదిమందు వేయడం ప్రారంభించి, మూడు పూటలా వేడి నీళ్ళు తాగమన్నాడు.

ఇవన్నీ శాంతికుమార్ చెవిన పడుతూనే ఉన్నాయి. మొదట బాధపడ్డాడు. తర్వాత, ఎంతైనా జనం నోట జన్యుశాస్త్రం పలుకుతోంది గదా అని సమాధానపడ్డాడు. అట్లా సమాధానపడి ఉన్న రోజుల్లోనే జనార్దనయ్య కబురు పంపాడు.

జనార్దనయ్య మాజీ మండలాధ్యక్షుడు. తాత మునసబు, నాయన సమితి ప్రెసిడెంటు. కిందటి ఎన్నికల్లో ఆ వరుస తెగిపోయింది. తెంపినవాడు సొంత బావమరిది నారాయణయ్య. వచ్చే ఎన్నికల్లో కొడుకు హర్షను నిలబెట్టి తెగినచోటే ముడి వేయాలని జనార్దనయ్య సంకల్పం. హర్ష విద్యాధికుడు. ఇంటర్మీడియట్ మీద గౌరవం కొద్దీ దాన్ని ఏళ్ళ తరబడి వదలకుండా చదువుతున్నాడు.

శాంతికుమార్‌కు వాకిట్లో కుర్చీ వేయించి, జనార్దనయ్య వసారాలో పడక్కుర్చీలోంచి మాట్లాడాడు.

“శాంతికుమారూ, నువ్వు చెప్పే ఆ డీఎన్ఏ కంటికి కనపడతాదా?”

“ఒక్కోటి కనపడదు సార్. కోట్ల కొద్దీ ఒకచోట చేరిస్తే తెల్లటి దారం మాదిరి కనపడతాది. ఉప్పునీళ్ళు పుక్కిలించి ఉమిస్తే చాలు, దాంట్లోంచే తియ్యచ్చు.”

“నాది తీస్తావా?”

“ఎవరిదైనా తియ్యచ్చు సార్.”

“ఎవరిదైనా కాదయ్యా, నాది! నాదీ, మా బావమరిది నారాయణదీ. స్వాతంత్ర్య స్వర్ణోత్సవాల సభ పెడుతుండాను గదా, ఆ స్టేజీ మీద, జనం ముందర. మాది మూడు తరాల పరిపాలన. వాడి నాయన సారాయి కాంట్రాక్టరు. రెండు దారాలూ పక్కపక్కన పెట్టినావంటే ఏది ఎట్టా ఉండాదో జనమే చూసుకుంటారు.”

“సార్, కంటితో చూస్తే ఆ తేడా…”

“మీ కాలేజీలో మైక్రోస్కోపు లేదంట గదా?” అన్నాడు జనార్దనయ్య. “కరస్పాండెంటు మా తమ్ముడే. నువ్వు చేసినావంటే మైక్రోస్కోపు గురించి వాడికి చెప్తా. చెయ్యలేదంటే నీ గురించి వాడికి చెప్తా.”

అని లేచి స్నానానికి వెళ్ళిపోయాడు. శాంతికుమార్ చెప్పబోయిన శాస్త్రం వాకిట్లోనే ఉండిపోయింది.

మైక్రోస్కోపు మాట ఆయన్ని గుండెల్లో పొడిచింది. ఆ కాలేజీలో ఆయన ఎన్నేళ్ళుగానో అమీబాను నల్లబల్ల మీద సుద్దతో గీస్తున్నాడు. బాగా గీస్తాడు. ఎంత బాగా అంటే, అమీబా తెల్లగా ఉంటుందనీ, అరచెయ్యంత ఉంటుందనీ, గుడ్డతో తుడిస్తే చచ్చిపోతుందనీ పిల్లలు నమ్ముతున్నారు.

ఇంటికొచ్చి భార్య సుకుమారితో చెప్పాడు. ఆమె ఆసుపత్రిలో నర్సు. బియ్యంలో రాళ్ళు ఏరుతూ అంతా విన్నది.

“ఆయన గొప్పతనం ఆ దారంలో కనపడతాదా?”

“కనపడదు.”

“నారాయణయ్యది సన్నంగా, ఈయనది లావుగా వస్తాదా?”

“ఎవరు గట్టిగా పుక్కిలిస్తే వాళ్ళది లావుగా వస్తాది.”

“ఆ మాట ఆయనకు చెప్పినారా?”

“చెప్పబోయినాను. స్నానానికి పోయినాడు.”

“అయితే ఉద్యోగం పోతాదా?”

“పోవచ్చు.”

సుకుమారి చేట పక్కన పెట్టింది. “పోతే పోనీండి, నా జీతం ఉండాది. చూపించమన్నాడు గదా, ఏది వస్తే అది చూపించండి. మీరుగా లావు చెయ్యబాకండి, సన్నం చెయ్యబాకండి. ముందర నాది తియ్యండి, నేనెంత గొప్పదాన్నో చూద్దాం.”

మందుల షాపు నుంచి స్పిరిట్ తెచ్చారు. సోడా అంగట్లో ఐసు తెచ్చి దాన్ని చల్లబెట్టారు. ఇద్దరూ ఉప్పునీళ్ళు పుక్కిలించి చెరో గ్లాసులో ఉమిశారు. శాంతికుమార్ వాటిలో కొంచెం షాంపూ కలిపి మెల్లగా తిప్పి, చల్లటి స్పిరిట్‌ను గ్లాసు అంచు వెంట జారవిడిచాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత రెండు నీళ్ళూ కలిసేచోట తెల్లగా, పొగలాగా మొదలై, పోగులు పోగులుగా పైకి లేచింది.

“అబ్బ! సేమ్యా మాదిరి ఉండాదే!” అన్నది సుకుమారి.

శాంతికుమార్ దగ్గరికి వంగి చూశాడు. అన్ని పుస్తకాలు చదివి, అంతమందికి చెప్పి, ఆయన దాన్ని చూడటం అదే మొదలు. తన నాయనా, నాయన నాయనా, వాళ్ళ వెనక పేర్లు తెలియనివాళ్ళందరూ ఆ తెల్లటి పోగులో ఉన్నారు. గ్లాసు దీపానికి అడ్డంపెట్టి చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి, ఏది తనదో ఏది సుకుమారిదో మరిచిపోయానని గుర్తొచ్చింది. సుకుమారిని అడిగాడు. ఆమెకూ తెలియలేదు. ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు.

స్వర్ణోత్సవాల సభ ఉదయగిరి బస్టాండు పక్క షామియానా కింద వైభవంగా జరిగింది. కొండమీది కోట దిక్కుగా మైకులు కట్టారు. వేదికమీద జనార్దనయ్య, నారాయణయ్య పక్కపక్క కుర్చీల్లో, ఎదురెదురు దిక్కులు చూస్తూ కూర్చున్నారు. రానంటే డీఎన్ఏ లేదనుకుంటారని నారాయణయ్య వచ్చాడు. రిజర్వుడు వార్డు మెంబరు మస్తానమ్మకు కూడా వేదికమీద స్థానం కల్పించారు. కుర్చీల లెక్కలో ఏదో పొరపాటు జరగడం వల్ల ఆమె మెట్టుమీద కూర్చుంది. పొరపాటు ప్రతి సభలోనూ జరుగుతోంది కనుక ఆమె అడగకుండానే నేరుగా మెట్టు దగ్గరికే వెళ్ళింది.

జనార్దనయ్య మైకు అందుకున్నాడు.

“సోదర సోదరీమణులారా! ఆ కోట చూడండి. కట్టించిన రాజులు పోయినారు. రాజ్యం పోయింది. మరి ఆ పరిపాలన యాడికి పోయింది? గాల్లో కలిసిందా? లేదు! రక్తంలోకి పోయింది! ఒకానొక వంశం రక్తంలోకి పోయింది! ఏ వంశమో నా నోటితో నేను చెప్పను. మా నాయన చెప్పలేదు, మా తాత చెప్పలేదు. ఈ దినం సైన్సు చెప్తాది! యాభై ఏళ్ళ స్వతంత్ర భారతంలో ఓటు వల్ల కొన్ని పొరపాట్లు జరిగినాయి. వాటిని సరిదిద్దే బాధ్యత సైన్సు తీసుకుండాది. ఇప్పుడు శాంతికుమార్ సారుగారు మా డీఎన్ఏను మీకు దర్శనం చేయిస్తారు!”

చప్పట్లు మోగాయి. వాకిట్లో శాంతికుమారూ అన్న మనిషి మైకులో సారుగారూ అన్నందుకు శాంతికుమార్ కొంచెం తడబడ్డాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

“పోల్చి చూడాలంటే రెండు చాలవండీ. ఇంకొకరిది కూడా ఉంటే బాగుంటాది. మస్తానమ్మ పిన్నమ్మది తీసుకుందాం.”

జనార్దనయ్యకు ఆ ఆలోచన బాగా నచ్చింది. లావు తెలియాలంటే పక్కన సన్నం ఉండాలి గదా.

ముగ్గురూ పుక్కిలించారు. జనార్దనయ్య పరిపాలనా దక్షతతో, శాలువా తడవకుండా, ఒకసారి పుక్కిలించాడు. నారాయణయ్య ఆయన్ని ఓరగా చూస్తూ రెండుసార్లు పుక్కిలించాడు. ఎప్పుడూ ఏ సభలోనూ ఎవరూ ఏమీ చెయ్యమని అడగని మస్తానమ్మ, అడిగారు కదా అని, బుగ్గలు ఉబ్బించి చాలాసేపు శ్రద్ధగా పుక్కిలించింది. మూడు గాజు గొట్టాల్లో పోసి, పేర్లు రాసిన కాయితం ముక్కలు అంటించి, శాంతికుమార్ వాటిని ఐసు బొచ్చెలో నిలబెట్టాడు. స్పిరిట్ జారవిడిచాడు. వేలమంది ఊపిరి బిగబట్టారు. నిజానికి వందలమందే, పేపరువాళ్ళు వేలని రాశారు.

మూడు గొట్టాల్లోనూ తెల్లటి పోగులు లేచాయి.

“లేచింది! లేచింది!” అని జనం కేకలు పెట్టారు. ముందు వరుసలో ఒక పెద్దాయన చేతులు జోడించి నమస్కారం పెట్టాడు. శాంతికుమార్ గొట్టాలను బయటికి తీశాడు. అప్పుడు చూసుకున్నాడు. ఐసు నీళ్ళకు కాయితాలు ఊడిపోయి, పేర్లు నీళ్ళలో నీలంగా కరిగిపోయాయి.

“ఏది నాది?” అన్నాడు జనార్దనయ్య.

శాంతికుమార్ మూడింటినీ వెలుతురుకు పట్టాడు. రెండింట్లో పోగులు సన్నగా ఉన్నాయి. ఒకదాంట్లో లావుగా, నిండుగా, చూడముచ్చటగా ఉంది.

“తెలియట్లా సార్.”

“తెలియకపోయేదేంది? అదిగో, లావుది! అదే మాది! చూస్తేనే తెలవట్లా?”

“లావుది నీదెట్టా అవుతాది బావా?” అని నారాయణయ్య కుర్చీలోంచి లేచాడు. “నేను రెండుసార్లు పుక్కిలించినా. అది నాది!”

“నీ మొహానికి అంత డీఎన్ఏనా?”

“ఓట్లు లెక్కపెట్టిననాడు కూడా ఇట్టనే అన్నావు!”

ఇరువర్గాలవారూ షామియానా గుంజలు పీకే దశలో మెట్టుమీంచి మస్తానమ్మ గొంతు వినపడింది.

“అది నాదేమో అయ్యా. నేను బాగా పుక్కిలించినాను.”

గుంజలు పట్టుకున్నవాళ్ళు పట్టుకున్నట్టే ఆగారు. అందరూ శాంతికుమార్ వైపు చూశారు. లావుది జనార్దనయ్యదే అని ఒక్కమాట అంటే చాలు. అబద్ధమని రుజువు చేసే మనిషి ఆ చుట్టుపక్కల ఎక్కడా లేడు. శాంతికుమార్ మైకు దగ్గరికి వెళ్ళాడు.

“ఎవరిదో చూసి చెప్పలేమండీ. నేను కాదు, ఎంత పెద్ద సైంటిస్టయినా ఊరికే కంటితో చూసి చెప్పలేడు. మీరు ఏ ఇద్దరు మనుషులను తీసుకున్నా, ఆ రాతలో వెయ్యి అక్షరాలకు ఒకటి తేడా ఉంటాది. మిగతా తొమ్మిదివందల తొంభై తొమ్మిదీ ఒకటే. సారుదీ, ప్రెసిడెంటుగారిదీ, మస్తానమ్మ పిన్నమ్మదీ, నాదీ. అంతే.”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తన ఉద్యోగం కోట మీదుగా ఎగిరిపోవడం శాంతికుమార్‌కు కళ్ళకు కట్టినట్టు కనిపించింది.

అయితే ఆయన రాజకీయాన్ని తక్కువ అంచనా వేశాడు. జనార్దనయ్య మూడు తరాల అనుభవం ఊరికే పోలేదు. క్షణంలో మైకు లాక్కున్నాడు.

“విన్నారా! మనందరం ఒకటే! నేను ఎన్నేళ్ళ నుంచి మొత్తుకుంటుండానో అదే సైన్సు ఈ దినం ఒప్పుకునింది! స్వర్ణోత్సవ కానుకగా సమానత్వాన్ని మన ఉదయగిరిలో, నా అధ్యక్షతన, కనిపెట్టినాం! ఆత్మకూరు కాలేజీకి మైక్రోస్కోపు ప్రకటిస్తుండా!”

ఇప్పుడు చప్పట్లు కోటకు తగిలి తిరిగొచ్చాయి. నారాయణయ్య కూడా కొట్టక తప్పలేదు. మైక్రోస్కోపు మాట నిజంగానే నిలబెట్టుకున్నారు. నెల తిరక్కుండా వచ్చింది. దానిమీద జనార్దనయ్య పేరు ఎంత లోతుగా చెక్కించారంటే, వంగి చూసే పిల్లలకు అమీబా కంటే ముందు ఆ పేరు కనపడుతుంది.

సభ ముగుస్తుండగా వెనక వరుసలోంచి ఒకాయన చెయ్యెత్తి ప్రశ్న అడిగాడు. “సార్, ఆ వెయ్యిలో ఒక్కటి తేడా అన్నారే, అది మా పక్కనా, వాళ్ళ పక్కనా?” కాలాభావం వల్ల ఆ ప్రశ్నకు సమాధానం ఇవ్వలేదు.

సభానంతరం పెంచలయ్య టీ అంగట్లో తేనీటి విందు. సమానత్వాన్ని కనిపెట్టిన అలసటతో పెద్దలందరూ అటు కదిలారు. ఫొటోగ్రాఫరు చూస్తున్నంతసేపూ జనార్దనయ్య చెయ్యి శాంతికుమార్ భుజంమీదే ఉంది.

పెంచలయ్య ఎవరి మనసూ నొప్పించని మనిషి. అంగడి లోపల పళ్ళెంలో స్టీలు గ్లాసులుంటాయి, అవి ఊళ్ళోవాళ్ళకు. బయట బల్లమీద గాజు గ్లాసులుంటాయి, అవి పాలెంవాళ్ళకు. తాగినవాళ్ళే కడిగి బోర్లించి పోవాలి. చదువుకుని ఉద్యోగాలు చేసే పాలెంవాళ్ళతో ఆయనకు పెద్ద చిక్కొచ్చిపడింది. బయటి గ్లాసు ఇస్తే బాగుండదు, లోపలి గ్లాసు ఇస్తే అస్సలు బాగుండదు. అందుకని నెల్లూరు నుంచి, తాగి పారేసే ప్లాస్టిక్ కప్పులు తెప్పించాడు. నాగరికత అంటే ఇదేనని అందరూ మెచ్చుకున్నారు. శాంతికుమార్ ఇన్నేళ్ళుగా ఆ కప్పులోనే తాగుతూ, దానికి పరిశుభ్రత అని పేరు పెట్టుకున్నాడు.

ఆ రోజూ అందరూ తొమ్మిదివందల తొంభై తొమ్మిది గురించి గొప్పగా మాట్లాడుకుంటూ ఎవరి గ్లాసులకు వాళ్ళు చేతులు చాచారు. పెంచలయ్య గౌరవంగా ప్లాస్టిక్ కప్పు తెచ్చి, “సారూ, మీకు” అన్నాడు. మస్తానమ్మ బయట బల్ల దగ్గర గాజు గ్లాసు కడుక్కుంటోంది.

శాంతికుమార్‌కు కోపం రాలేదు. దీపం ముందు రెండు గ్లాసులు పెట్టుకుని ఏది ఎవరిదో తెలియక నవ్వుకున్నప్పటి నవ్వే వచ్చింది. కప్పు పక్కన పెట్టాడు. పెద్దల కోసం పోసి ఉంచిన పళ్ళెంలోంచి రెండు స్టీలు గ్లాసులు తీసుకుని బయటికి నడిచాడు.

“తాగు పిన్నమ్మా, వేడిగా ఉండాది.”

మస్తానమ్మ గ్లాసు వంక చూసింది. జనార్దనయ్య వంక చూసింది. చూసి, చీరచెంగుతో గ్లాసు పట్టుకుని, తాపీగా, చివరి గుక్క దాకా తాగింది.

“చక్కెర తక్కువైందే పెంచలయ్యా,” అన్నది.

ఫొటోగ్రాఫరు ఫొటో తీశాడు. జనార్దనయ్య ఇంకా సమానత్వపు చిరునవ్వుతోనే ఉన్నాడు. దాన్ని ఎట్లా దింపాలో తెలియలేదు. మిగిలినవాళ్ళు కోటను శ్రద్ధగా పరిశీలించసాగారు. శాంతికుమార్, మస్తానమ్మ ఖాళీ గ్లాసులు పెంచలయ్య చేతికిచ్చి, దుత్తలూరు బస్సు వచ్చిందేమో చూడటానికి మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు.

పెంచలయ్య గ్లాసులు కడిగాడు. మళ్ళీ కడిగాడు. లోపలి పళ్ళెం దిక్కు ఒక అడుగు వేశాడు, అందరి కళ్ళూ ఆ అడుగుమీద పడ్డాయి. బయటి బల్ల దిక్కు తిరిగాడు, ఫొటోగ్రాఫరు అక్కడే ఉన్నాడు. పారేద్దామంటే ప్లాస్టిక్ కాదు.

“అయ్యా, వీటిని యాడ పెట్టమంటారు?” అని అడిగాడు. జనార్దనయ్య నారాయణయ్య వైపు చూశాడు. నారాయణయ్య జనార్దనయ్య వైపు చూశాడు. బావా బావమరుదులు ఒక మాటమీదికి రావడం ఎన్నాళ్ళకో జరిగింది. ఇద్దరూ ఏమీ అనలేదు.

పెంచలయ్య ఆ రెండు గ్లాసులూ పట్టుకుని అట్లాగే నిలబడి ఉన్నాడు. పాఠకులు విజ్ఞులు, నగరవాసులు, ఇటువంటి గ్లాసుల పట్టింపులు బొత్తిగా లేనివారు. దయచేసి ఆయనకొక ఉపాయం చెప్పండి. మీ ఇంట్లో పనిమనిషి టీ తాగే గ్లాసు ఎక్కడ పెడతారో, ఆ చోటు చెబితే చాలు.